చిత్తూరు నుంచి వచ్చిన ఆ పెద్దాయనకు, మా వేలంపాటకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న రాత్రితో మా వేలంలో అమ్ముడుపోయిన డొమైన్ పేర్లన్నీ, అంటే వెబ్‌సైట్ చిరునామాలన్నీ, కొన్నవాళ్ల ఖాతాల్లోకి చేరిపోయాయి. మావాళ్లకు రావాల్సిన డబ్బు వాళ్లకు చేరింది. గొంతు బొంగురుపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. తిరుపతిలో మాదొక చిన్న గ్రూపు. ఎప్పటికైనా వ్యాపారం పెడదామనో, మంచి రేటు వస్తే అమ్ముదామనో డొమైన్ పేర్లు కొనిపెట్టుకుని ఏటా రెన్యువల్ కట్టుకుంటూ వస్తున్నవాళ్లం. విడివిడిగా అమ్మబోతే కొనేవాడు చెప్పిందే రేటు. అందుకే అందరి పేర్లూ ఒక్కచోట చేర్చి, ఒక్కోదానికి కనీస ధర పెట్టి, బైరాగిపట్టెడలో ఒక హాలు మాట్లాడి వేలంపాట పెట్టాం. రాలేనివాళ్లు ఫోన్లో పాడారు.

ఆ లిస్టులో తోతాపురి మామిడి పేరు కలిసిన ఒక డాట్ కామ్ ఉంది. మా గ్రూపులో ఒక అన్న గుజ్జు వ్యాపారం పెడదామని కొన్నాడు. పెట్టకముందే పోయాడు. వదినకు ఆ పేరు సంగతే తెలీదు. అన్న డైరీలో చూసి మేమే చెప్పాం. అమ్మగా వచ్చిన డబ్బు పాప కాలేజీ ఫీజుకు అవుతుందని ఆమె ఆశ.

లిస్టు తయారుచేసినప్పుడు ఆ పేరుకు గడువు వచ్చే ఏడాది దాకా ఉన్నట్టే కనబడింది. కానీ లోపల జరిగింది వేరు. డాట్ కామ్‌కు గడువు దాటగానే రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్లన్నిటి పట్టీ నడిపే సంస్థ) తనంతట తానే ఇంకో ఏడాది కలిపి చూపిస్తుంది. డబ్బు కట్టకపోతే 45 రోజుల్లోపు మనకు పేరు అమ్మిన కంపెనీ దాన్ని రిజిస్ట్రీకి వెనక్కి ఇచ్చేయవచ్చు. అప్పుడు 30 రోజుల రిడెంప్షన్ (అదనపు ఫీజు కట్టి పేరును వెనక్కి తెచ్చుకునే చివరి అవకాశం), ఆ తర్వాత 5 రోజుల పెండింగ్ డిలీట్ (ఇక వెనక్కి తెచ్చుకోలేం, పేరు తొలగిపోవడమే), ఆపైన ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. గుర్తుచేసే మెయిళ్లన్నీ పోయిన మనిషి ఇన్‌బాక్స్‌కు వెళ్లాయి. ఎవరు చూస్తారు?

పాటకు కొద్ది రోజుల ముందు, రాత్రి పొద్దుపోయాక, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "ఏమ్మా, ఆ తోతాపురి పేరు మీ లిస్టులో ఉండాది కదా. అది రిడెంప్షన్‌లో పడింది, చూసినారా? ఇంక నాలుగు రోజులే ఉండేది."

ఆయనది చిత్తూరులో జిరాక్స్ షాపు. మా లిస్టు చూసి, కొందామని ఒక్కో పేరూ పరీక్షించుకుంటున్నారట. ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను విడిగా చెప్పనక్కర్లేదు. ఆయన నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఆ పేరు జారిపోయేది. జారిన పేర్లను పట్టిచ్చే సర్వీసులు బోలెడున్నాయి. మా పాటలో లక్షల్లో పలకగలిగిన పేరు ఆయనకు తక్కువలో వచ్చేసేది. నేను ఉండబట్టలేక ఆ మాట అడిగాను కూడా. "పోయినాయన సొత్తు నాకెందుకుమా" అన్నారు, అంతే.

తెల్లారేసరికి బస్సు దిగారు. చేతిలో జిరాక్స్ కాగితం, దాని వెనక నీలం పెన్నుతో తేదీలన్నీ ఒకదాని కింద ఒకటి. చివరి తేదీ కింద ఎర్రగీతలు రెండు. రిడెంప్షన్‌లో ఉన్న పేరును, అప్పటిదాకా అది ఏ కంపెనీ దగ్గర ఉందో ఆ కంపెనీ తప్ప ఇంకెవరూ బతికించలేరు. ఆ కంపెనీ వాళ్ల ఓటీపీ వెళ్లేది అన్న పాత నంబరుకు. ఆ నంబరు ఎప్పుడో రద్దయింది.

ఇక్కడ నా కడుపుమంట చెప్పుకోనివ్వండి. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు, పీఎఫ్‌కు నామినీ ఉంటారు. డొమైన్ కొనేటప్పుడు మమ్మల్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పంపితే చాట్‌లో ఒకరు సరేనంటారు. పది నిమిషాలకు ఇంకొకరు వచ్చి అవే కాగితాలు మళ్లీ పంపమంటారు. మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి, రెన్యువల్‌కు వాయించి, చివరికి ఇంటి మనిషిని పోగొట్టుకున్న ఆడమనిషి దగ్గర పునరుద్ధరణ పేరుతో వేలకు వేలు అడగడం ఏం న్యాయం?

ఆ రాత్రంతా పెద్దాయన మా ఇంట్లోనే కూర్చుని చాట్ నడిపారు. విసుక్కోలేదు. ప్రతి కొత్త మనిషికీ మొదటినుంచి ఓపిగ్గా రాశారు. తీరా ఫీజు కట్టే వేళకు వదిన కార్డు పని చేయలేదు, నాదీ పని చేయలేదు. ఆయన జేబులోంచి తన కార్డు తీసి నంబరు కొట్టేశారు. కాగితం రాసిస్తానంటే, "ముందు పేరు బతకనీండి" అన్నారు. తెల్లవారుజామున పేరు తిరిగొచ్చినట్టు మెయిల్ వచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "దగ్గర్లో కాఫీ యాడ దొరుకుతుందిమా?" అని అడిగారు. అంతసేపూ ఉగ్గబట్టుకున్న నేను అక్కడే భోరుమని ఏడ్చేశాను.

పాట రోజు ఆ పేరుకు ఆయనా పాడారు, నిజాయితీగా, అందరితో పాటు. దామలచెరువు మామిడి మండీ వ్యాపారి ఒకాయన ఇంకా పైకి పాడితే ఆగిపోయారు. మూడోసారి అని కొట్టగానే మొదట చప్పట్లు కొట్టింది ఆయనే. కార్డు డబ్బు మర్నాడే ఇచ్చేశాం, వడ్డీ అంటే ఒప్పుకోలేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సార్, మీరు ఇది చదివితే, వదిన మీకు దండాలు చెప్పమంది. పాప ఫీజు కట్టేశాం.

కొన్న మండీ ఆయనకూ థాంక్స్. యజమాని మారాక 60 రోజులు వేరే కంపెనీకి మార్చుకోవడం కుదరదంటే, అదే కంపెనీలో ఖాతా తెరిచి తీసుకున్నారు.

లిస్టు వడగట్టిన లాయరు గారికి నమస్కారాలు. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కు రక్షణ ఉంటుందని 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని వివరించి, పెద్ద కంపెనీలను పోలిన పేర్లు తీసేయించారు. శ్రీవారి దర్శనం, గదుల బుకింగ్ అని భక్తులు పొరపడే పేర్లు ఎంత ధర వచ్చినా పాటలో పెట్టవద్దని మేమూ అనుకున్నాం. ఆ పేర్లున్న సభ్యులు నష్టమైనా మారు మాట్లాడలేదు. అది చిన్న విషయం కాదు.

మావారు, అత్తమ్మ, పిల్లలు ఎలాగూ ఉన్నారు.

అయ్యో, కరెంటు పోయినప్పుడు హాలు వాచ్‌మన్ అన్న పరుగెత్తి జనరేటర్ వేశాడు. ఫోన్ పాటలు రాసుకున్న యూనివర్సిటీ పిల్లలిద్దరు టిఫిన్ కూడా తినలేదు. సర్టిఫికెట్ కోసం మాతో తిరిగిన మీసేవ తమ్ముడు ఉన్నాడు. నెట్ ఆగితే తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చిన అమ్మాయి ఎవరో పేరు కూడా అడగలేదు, తెలిసినవాళ్లు చెప్పండి. కొర్లగుంట నుంచి మైకు తెచ్చిన తమ్ముడూ, నీ వైరు మా ఇంట్లోనే ఉంది, రేపు పంపిస్తాను.