సత్తికి, ఒక చెల్లో ఆయన గురించి

ఒరేయ్ సత్తీ,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? మొన్న ఫోన్లో "చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్నయ్యే కదరా, అందులో కొత్తగా వినేదేముంది" అని తీసిపారేశావు. దానికి ఫోన్లో జవాబు చెబితే సగంలో అడ్డొస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

సుల్ఖాన్ త్సింత్సాద్జే అని జార్జియా ఆయన, చెల్లో వాయించేవాడు, సంగీతం రాసేవాడు. జార్జియా అంటే అమెరికాలోది కాదు, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఉన్న దేశం. పేరు పలకాలంటే నాలుక మడత పడుతుంది, ఓపిక పట్టు. 1925లో గోరీలో పుట్టాడు. అవును, స్టాలిన్ పుట్టిన గోరీయే. తమాషా చూడు, 1950లో ఈయనకి వచ్చింది కూడా స్టాలిన్ ప్రైజే, అంటే అప్పటి సోవియట్ వాళ్ళ పెద్ద బహుమతి. అప్పటికి దాదాపు పాతికేళ్ళు! మనం ఆ వయసులో ఏం వెలగబెట్టామో గుర్తు చేయనులే.

జార్జియా రాజధాని తిబిలీసీలో చెల్లో నేర్చుకుని, మాస్కో కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, కొజొలూపొవ్ దగ్గర చేరాడు. చెల్లోలో ప్రపంచమంతా పేరున్న రొస్త్రొపోవిచ్‌కి నేర్పింది కూడా ఆ గురువే. స్వరరచన ఇంకొకరి దగ్గర. కానీ నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచింది, కుర్రతనంలోనే జార్జియా స్టేట్ క్వార్టెట్‌లో చెల్లో వాయించడం. క్వార్టెట్ అంటే నలుగురి జట్టు, వాళ్ళ కోసం రాసిన సంగీతాన్నీ అదే పేరుతో పిలుస్తారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది), ఒక చెల్లో. నలుగురిలో అట్టడుగు గొంతు ఈయనది. జార్జియా పల్లెపాట సాధారణంగా మూడు గొంతులతో నడుస్తుంది, ఎవరి దారి వాళ్ళదే, అయినా చివరికి ఒకచోట కలుస్తారు. కింది గొంతుని వాళ్ళు 'బానీ' అంటారు. అది తప్పితే పైవాళ్ళు గాల్లో వేలాడాల్సిందే. ఆ కింది కుర్చీలో కూర్చుని విన్నవాడు కాబట్టే తర్వాత పన్నెండు క్వార్టెట్లు రాసినా ఎక్కడా చెల్లోని ఊరికే దరువుకి వాడుకోలేదని నా నమ్మకం. నువ్వు కాదన్నా సరే.

ఇప్పుడు అసలు విషయం. చెల్లో, పియానోలకి జానపద బాణీల మీద ఐదు ముక్కలు రాశాడు. మొదటిది బండివాడి పాట. రాత్రిపూట ఎద్దులబండి తోలుతూ నిద్ర రాకుండా ఒంటరిగా పాడుకునే రకం, తాళం లేకుండా ఆలాపనలా సాగుతుంది. రెండోది 'చోంగురి'. చోంగురి అంటే పశ్చిమ జార్జియాలో వేళ్ళతో మీటే నాలుగు తీగల వాద్యం. ఇందులో చెల్లో వాయించేవాడు కమాను పక్కన పెట్టేసి మొదటినుంచి చివరిదాకా మీటుతూనే ఉంటాడు, పియానో నోరు మూసుకుంటుంది. కుడిచేతి వేళ్ళు తీగల మీద ఎలా దూకుతాయో చూస్తూ ఉంటే టెన్షన్, ఎక్కడ తప్పుతాడో అని. మూడోది 'సాచిదావో', కుస్తీ పట్టేటప్పటి సంగీతం. అక్కడ గోదాలో పహిల్వాన్లు పోరాడుతుంటే పక్కన జుర్నా ఊదుతారు, మన సన్నాయి లాంటిదే, దానికి తోడు దోలి అనే డోలు. ఆ హోరంతా ఒక్క చెల్లోలోకి, ఒక పియానోలోకి దించాడు మహానుభావుడు. నాలుగోది జోలపాట. ఐదోది డాన్సు, అది నువ్వే విను, చెబితే పాడవుతుంది.

ఆ తర్వాత పెద్దమనిషి అయ్యాడు. 1965 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళ పాటు తిబిలీసీ కన్సర్వేటరీకి రెక్టర్, అంటే అధిపతి, సినిమాలకి సంగీతం, బిరుదులు, ఆ లెక్కంతా నాకు అంతగా పట్టలేదు. 1991 సెప్టెంబర్‌లో పోయాడు. ఆ ఏప్రిల్‌లోనే జార్జియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, డిసెంబర్‌కి సోవియట్ యూనియనే లేదు.

నాకున్న ఏడుపల్లా ఒకటే. జనం ఎంతసేపూ ఆయన చిన్న ముక్కలే వాయిస్తారు. అవి తియ్యగా ఉంటాయి, కచేరీ చివర్లో చప్పట్లు పడతాయి. పెద్ద క్వార్టెట్లని ముట్టుకునేవాళ్ళు తక్కువ. 1980లో చెల్లో, పియానోలకి ఇరవై నాలుగు ప్రెల్యూడ్‌లు, అంటే చిన్న చిన్న రచనల వరస, కూడా రాశాడు. వాటి గతీ అంతే.

నువ్వు మాత్రం 'సాచిదావో'తోనే మొదలుపెట్టు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రెండు పేజీలు రాయి. "బాగుందిరా" అని ఒక్క ముక్క మెసేజ్ పెడితే ఊరుకోను. అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు.

నీ,
మూర్తి