లిడియా పెళ్లి పద్దు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందు క్షమించు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టింది, మేడ మీద గదికి స్లాబు పడింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. మిగతా కబుర్లు తర్వాత. అసలు సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల్లో డార్సీ గారి పెంబర్లీ బంగళా చూశాకే ఎలిజబెత్‌కి ఆయన మీద మనసు మళ్లిందనీ, జేన్ ఆస్టిన్ రాసినవన్నీ డబ్బున్న మొగుణ్ణి వెతుక్కునే కథలేననీ రాశావు కదా. డబ్బు మాట నిజమేరా. ఆ నవలలో డబ్బు లేని పేజీ దొరకడం కష్టం. కానీ నువ్వు చూడాల్సిన డబ్బు పెంబర్లీలో లేదు, ఎలిజబెత్ ఆఖరి చెల్లెలు లిడియా పెళ్లి పద్దులో ఉంది. ఆ అధ్యాయాలు పెన్సిలు చేత్తో పట్టుకుని మళ్లీ చదువు. మన పుస్తకాల తగువులు తేల్చే జామచెట్టు కోర్టులో ఈసారి తీర్పు నాదే!

ముందు ఆ పిల్లల తండ్రి బెన్నెట్ గారి పరిస్థితి చూడు. భూమి మీద ఏడాదికి 2,000 పౌండ్లు వస్తాయి. దర్జాగా బతకొచ్చు. కానీ ఆ ఆస్తి మీద ఎన్‌టెయిల్ ఉంది, అంటే మగ వారసుడికే చెందాలన్న కట్టు. మగపిల్లాడు లేకపోతే ఇల్లూ పొలమూ దూరపు చుట్టం కాలిన్స్‌కి పోతాయి. ఆయన వాటిని కూతుళ్ల పేర రాయలేడు. తప్పించుకునే దారి ఒకటే: కొడుకు పుట్టి, వాడు మేజరయ్యాక, తండ్రీ కొడుకూ కలిసి ఆ కట్టు తెంచుకోవాలి. కొడుకు పుట్టకపోతాడా అని మొగుడూ పెళ్లాలిద్దరూ దమ్మిడీ వెనకేయలేదు. వరసగా ఐదుగురూ ఆడపిల్లలే. లిడియా పుట్టాక కూడా ఆ తల్లి ఏళ్ల తరబడి ఎదురు చూసింది. ఆశ వదులుకునేసరికి పొదుపు చేసే వయసు దాటిపోయింది.

ఇక పిల్లలకి మిగిలేది పెళ్లినాటి ఒప్పందంలో భార్యకీ పిల్లలకీ రాసిన 5,000. సమంగా పంచితే తలకి 1,000, అదీ తల్లి పోయాక. నాలుగు శాతం వడ్డీకి ఏడాదికి 40 పౌండ్లు. కాలిన్స్ పెళ్లి ప్రస్తావన తెచ్చి ఎలిజబెత్‌కి మొహం మీదే ఈ లెక్క ఒప్పజెప్పాడు చూడు, అందుకే నాకు ఆ మనిషంటే ఒళ్లు మంట. లెక్క మాత్రం తప్పు కాదు. అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు లిడియా. పదహారో ఏడు అప్పుడే వచ్చిన పిల్ల, బ్రైటన్‌లో వికమ్ అనే అప్పులపాలైన అందగాడితో లేచిపోయింది. (వాణ్ణి మనం ‘ఇస్త్రీ చొక్కా’ అని ఊరికే అనలేదు.) 1753లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లండులో 21 నిండని పిల్ల లైసెన్సు మీద పెళ్లి చేసుకోవాలంటే తండ్రి ఒప్పుకోవాలి. స్కాట్లాండులో ఆ పట్టింపు లేదు. అందుకే స్కాట్లాండు సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్ వెళ్తున్నామని చీటీ రాసి పెట్టి పోయింది. బ్రైటన్‌లో ఆమెని అతిథిగా ఉంచుకున్న కర్నల్ ఫోర్‌స్టర్ జాడ తీస్తూ పోతే, ఎప్సమ్ నుంచి వచ్చిన బండిని వాళ్లు క్లాపమ్‌లో పంపించేసి, అద్దె బండి ఎక్కి లండన్ వైపు వెళ్లారని తేలింది. స్కాట్లాండు వెళ్లేవాళ్లయితే ఉత్తరపు దారి పట్టాలి. ఆ దారిలో బార్నెట్, హాట్‌ఫీల్డ్ సత్రాల్లో అడిగితే అలాంటి జంట పోలేదన్నారు. అంటే వాడికి పెళ్లి ఉద్దేశమే లేదు. ఆ ఒక్క వాకబుతో ఇంటిల్లిపాదికీ గుండె జారిపోయింది. ఒక్కర్తి అలా పోతే మిగతా నలుగురికీ సంబంధాలు రావు. ఈ బతుకు కన్నా ఆ పిల్ల చచ్చిపోయినా బాగుండేదని కాలిన్స్ ఓదార్పు ఉత్తరం రాశాడు. ఓదార్పట!

నాకు అసలు నచ్చిన చోటు ఇదిగో. మేనమామ గార్డినర్ నుంచి ఉత్తరం వస్తుంది, పెళ్లి కుదిరిందని. షరతులు రెండే. 5,000లో లిడియాకి రావాల్సిన సమాన వాటా దస్తావేజు మీద ఖాయం చెయ్యాలి. తండ్రి బతికున్నన్నాళ్లూ ఏడాదికి 100 పౌండ్లు ఇవ్వాలి. బెన్నెట్ గారు కూర్చుని లెక్క వేసుకుంటే, ఆ 100 ఇచ్చినా తనకి ఏడాదికి పది పౌండ్ల నష్టం కూడా లేదు. లిడియా తిండికీ, చేతి ఖర్చుకీ, తల్లి చాటుగా ఇచ్చేదానికీ ఇప్పటికే ఇంచుమించు అంత అవుతోంది. ఒక ఆడపిల్ల ఇంట్లోంచి వెళ్లిపోతే తండ్రికి పడే తేడా పది పౌండ్లు! ఆ వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

కానీ ఆయన తెలివైనవాడు, వెంటనే పసిగట్టాడు. వికమ్ లాంటివాడు పదివేలకి తక్కువైతే ఈ పిల్లని చేసుకోడు. మరి ఆ తేడా ఎవరు కట్టారు? బావమరిది కట్టుంటాడు, ఈ బాకీ ఎలా తీర్చాలా అని మథనపడతాడు పాపం.

కట్టింది డార్సీ. మూడు పద్దులు రాసుకో. వికమ్ అప్పులు, వెయ్యి పైచిలుకు. లిడియా పేర అదనంగా ఇంకో వెయ్యి. సైన్యంలో వికమ్‌కి ఆఫీసరు కొలువు కొనడం. ఆ రోజుల్లో ఆ కొలువులు కొనుక్కునేవాళ్లు. రెండో పద్దులో డబ్బు వికమ్ చేతికి ఇవ్వలేదు, ఆమె పేర సెటిల్‌మెంట్ చేశారు. ఎందుకో తెలుసా? అప్పటి చట్టంలో పెళ్లయితే భార్య నగదు భర్తదైపోయేది, దస్తావేజుతో కట్టేస్తే తప్ప. చేతికిస్తే పేకాట బల్ల మీదకి పోయేది. అప్పులవాళ్లని నమ్మించడానికి కూడా పద్ధతి ఉంది. బ్రైటన్‌లోవాళ్లకి కర్నల్ చెప్పాలి, బెన్నెట్ గారి ఇంటి దగ్గరి ఊరు మెరిటన్‌లోవాళ్లకి ఆయనే చెప్పాలి, దానికి గార్డినర్ బాకీదార్ల జాబితా జతచేశాడు. ప్రేమకథలో బాకీదార్ల జాబితా జతచేసిన రచయిత్రిని డబ్బు పిచ్చిది అంటావా? ఆవిడకి ప్రపంచం ఎలా నడుస్తుందో తెలుసురా.

పెళ్లి సెంట్ క్లెమెంట్స్ చర్చిలో ఎందుకయిందంటే, వికమ్ బస ఆ పేటలో ఉంది కాబట్టి. పొద్దున 11 గంటలకి ముహూర్తం. మావయ్య పని మీద ఎక్కడ ఆలస్యం చేస్తాడో, వేళ దాటితే ఆ రోజుకి ఇక పెళ్లి ఉండదని లిడియాకి ఒకటే కంగారు. ఆ కంగారు కబుర్లు వాగుతూ వాగుతూనే డార్సీ అక్కడికొచ్చాడని నోరు జారింది. లేకపోతే ఎలిజబెత్‌కి తెలిసేదే కాదు! ఆమె అత్తయ్యకి రాసింది, అత్తయ్య మొత్తం విప్పి చెప్పింది.

ఇక్కడ చూడు. ఈ బేరం ఎవరితో? డార్సీ పదిహేనేళ్ల చెల్లెల్ని, 30,000 పౌండ్ల ఆస్తి కోసం, రామ్స్‌గేట్ నుంచి లేపుకుపోదామనుకున్నవాడితో. వాడి పేరెత్తడమే డార్సీకి శిక్ష. అలాంటిది వాణ్ణి వెతికి పట్టుకుని, ముందు లిడియాని వెనక్కి రమ్మని నచ్చజెప్పి చూసి, ఆమె రానంటే, పెళ్లికి వాణ్ణి ఒప్పించాడు. వాడు కొండంత అడిగాడు. మళ్లీ మళ్లీ వెళ్లి దారికి తెచ్చాడు.

ఇంకోటి, దీనికి నీ దగ్గర జవాబు లేదు. మొదట్లో, లండన్ వ్యాపారపు పేట చీప్‌సైడ్‌లో ఉండే మేనమామ ఉన్నందుకు ఆ పిల్లలకి గొప్ప సంబంధాలు రావని తేల్చేసింది ఇదే డార్సీ. డార్సీ స్నేహితుడు బింగ్లీ అక్కచెల్లెళ్లు దానికి పడీపడీ నవ్వారు. వాళ్ల డబ్బు వ్యాపారంలోంచి వచ్చిందే, మర్చిపోయారు. ఇప్పుడా పెద్దమనిషి తనే గ్రేస్‌చర్చ్ స్ట్రీట్‌లో గార్డినర్ ఇంటి తలుపు తట్టాడు. ఆ వ్యాపారస్తుడి ఎదురుగా కూర్చుని, డబ్బు నేను కడతానంటే నేను కడతానని చాలాసేపు పోట్లాడాడు. హన్స్‌ఫర్డ్‌లో మొదటిసారి పెళ్లాడమని అడిగినప్పుడు మీ చుట్టాలు నాకు తక్కువ అన్నాడే, దానికి దిద్దుబాటు మాటల్లో కాదు, ఆ గదిలో జరిగింది. పేరు బయటికి రాకూడదని షరతు కూడా పెట్టాడు. ఎలిజబెత్ కృతజ్ఞత కొనుక్కోవాలనుకున్నవాడు అలా చెయ్యడు.

అన్నట్టు నాకు దిగులేసేది వేరే ఉంది. 1802 డిసెంబరులో రచయిత్రి జేన్ ఆస్టిన్‌ని హారిస్ బిగ్-విదర్ పెళ్లాడమని అడిగాడు. పెద్ద ఎస్టేటుకి వారసుడు. సాయంత్రం సరేనంది, తెల్లారేసరికి కాదంది. అప్పటికి 27 నిండబోతున్నాయి. ఎలిజబెత్ స్నేహితురాలు షార్లట్‌కి కూడా నవల్లో అదే వయసు, ఆ పిల్ల మాత్రం కాలిన్స్‌కి సరేనంది. తండ్రి పోయాక జేన్ అన్నదమ్ముల ఆదరువు మీదే బతికింది. ఈ నవల హక్కులన్నీ 110 పౌండ్లకి అమ్ముకుంది, 1813లో అచ్చయింది. లిడియాకి ఏటా వచ్చే 100కి పది ఎక్కువ. ఆ రాత్రి ఏమనుకుందో... వద్దులే, మనసు పాడవుతుంది.

పోనీ ఆ డబ్బుతో లిడియా బాగుపడిందా? లేదు. చివర్లో అక్కకి ఉత్తరం రాసింది, మావారికి ఆస్థానంలో ఏదైనా కొలువు ఇప్పించండి, ఏడాదికి మూడు నాలుగు వందలొచ్చేదైనా చాలని. ఎలిజబెత్ తన సొంత ఖర్చులు తగ్గించుకుని పంపిస్తూ ఉంటుంది. దస్తావేజు పిల్ల పరువు కాపాడగలదు గానీ

ఒరేయ్, మా బావమరిది చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, బస్సుకి టైమైందట. ఈ ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి. షార్లట్ మీద నువ్వన్నదానికి నేను ఒప్పుకోను, అది వచ్చే ఉత్తరంలో. జామకాయ సిద్ధంగా పెట్టు.

నీ
ప్రసాదు