శీనుకి, ఫోన్లో సగంలో ఆగిన మాట గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా, పిల్లలు బాగున్నారా, అమ్మగారికి మోకాలి నొప్పి తగ్గిందా. మొన్న ఫోన్లో "ఈసారి ఎలక్షన్లకి ఊరు రాను, ఎవడికేస్తే ఏంటి, గెలిచాక ఎటు పోతాడో వాడికే తెలీదు" అన్నావు చూడు, అప్పుడే సిగ్నల్ పోయింది గానీ ఆ మాట నాకు బుర్రలోంచి పోవట్లేదు. నీ కోపం న్యాయమైందే. కానీ నువ్వు మానేస్తే నష్టపోయేది ఆ గోడ దూకినోడు కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదవుద్ది, ఓపిగ్గా చదువు.

ప్రజాస్వామ్యం పోవడమంటే మిలిటరీ రావడం, రేడియో స్టేషన్ పట్టుకోవడం అనుకుంటాం కదా. మన దగ్గర అంత అవసరం పడట్లేదురా. ఎలక్షన్ పద్ధతిగానే జరుగుద్ది, ఎండలో క్యూ కట్టి వేస్తాం, లెక్కపెడతారు, మనం గెలిపించినోడు కొన్నాళ్లకి అవతలి పార్టీ కండువా కప్పించుకుని "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అంటాడు. అంటే ప్రతిపక్షాన్ని గెలిపించిన ఊరికి రోడ్డు రాదనేగా అర్థం? ఆ మాట పబ్లిగ్గా చెప్తుంటే ఎవరికీ తప్పనిపించకపోవడమే నాకు భయంగా ఉంది.

దీన్ని ఆపడానికే 1985లో 52వ సవరణ తెచ్చి రాజ్యాంగంలో పదో షెడ్యూల్ పెట్టారు, ఫిరాయింపుల నిరోధక చట్టం అంటామే, అదే. అప్పట్లో మూడోవంతు మంది కలిసి పోతే చీలిక అని వదిలేసేవాళ్లు, 2003లో 91వ సవరణతో అది తీసేశారు, కానీ మూడింట రెండొంతులు పోతే విలీనం అనేది ఉంచేశారు. ఒక్కడు పోతే ఫిరాయింపు, గుంపుగా పోతే విలీనం! మనస్సాక్షి కోసం ఒక బిల్లు మీద ఒంటరిగా విప్‌ని, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదన్నోడి పదవి మాత్రం పోవచ్చు. 2019లో తెలంగాణలో ఏం జరిగిందో గుర్తుందా, కాంగ్రెస్ 2018 ఎలక్షన్లలో 19 సీట్లు గెలిచింది, ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎంపీ అయ్యి రాజీనామా చేస్తే 18 మిగిలారు, సరిగ్గా 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమన్నారు, జూన్‌లో స్పీకర్ సరే అన్నారు. అదే నెల ఢిల్లీలో టీడీపీ రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిశారు. లెక్క ఎంత కరెక్టుగా కుదిరిందో చూడు.

గుంపు కుదరకపోతే ఇంకో దారి ఉంది, అసలు జబ్బు అక్కడే ఉందంటా నేను. పార్టీ మారినోడి పదవి తీసేయమని వేసే అనర్హత పిటిషన్ మీద తేల్చాల్సింది స్పీకర్. ఆయనేమో ఏ పార్టీ బలం మీద ఆ కుర్చీలో కూర్చున్నాడో ఆ పార్టీకి లాభమైన విషయం మీద తీర్పు చెప్పాలి, పైగా ఇన్ని రోజుల్లో తేల్చాలని చట్టంలో గడువు లేదు. అందుకని తప్పుడు తీర్పు చెప్పక్కర్లేదు, ఏమీ చెప్పకుండా ఊరుకుంటే చాలు, ఐదేళ్లు గడిచిపోతాయి. ఆంధ్రలో 2014 తర్వాత వైసీపీ వాళ్లు 23 మంది టీడీపీలోకి వెళ్లారు, 2017 ఏప్రిల్‌లో అందులో నలుగుర్ని మంత్రుల్ని కూడా చేశారు. తర్వాత వైసీపీ అధికారంలోకి వచ్చాక అటు దగ్గరైన టీడీపీ ఎమ్మెల్యేలు నలుగురు, తిరగబడ్డ సొంత ఎమ్మెల్యేలు నలుగురు, ఈ ఎనిమిది మంది మీద వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, మేలో ఎలక్షన్లు పెట్టుకుని! తెలంగాణలో 2014లో టీడీపీ టికెట్ మీద సనత్‌నగర్‌లో గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడు డిసెంబర్‌లో టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రయ్యారు. 2023 తర్వాత పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారని పిటిషన్లు పడ్డాయి, అందులో దానం నాగేందర్ అయితే బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్ ఎంపీ సీటుకి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. నోటీసులివ్వడానికే నెలలు పట్టింది, చివరికి 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని చెప్పాల్సొచ్చింది. నిన్న దెబ్బతిన్న పార్టీయే రేపు అదే పని చేస్తోందిరా, అందుకే నేను ఏ ఒక్కర్నీ వెనకేసుకు రాను.

నువ్వు "మనమేం చెయ్యగలం" అంటావు కదా, 1984 సంగతి మా నాన్న చెప్తుంటే విన్నావుగా. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ని దింపేసి నాదెండ్ల భాస్కరరావుని సీఎం చేశారు, ఎన్టీఆర్ అప్పుడే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చున్నారు. ఎమ్మెల్యేల్ని వెంటేసుకుని రాజ్‌భవన్‌కి వెళ్లారు, ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టారు, క్యాంపు కోసం కర్ణాటకకీ తీసుకెళ్లారు. కానీ ఒక్క క్యాంపుతో గెలవలేదది, ఊళ్లకి ఊళ్లు రోడ్డు మీదకొచ్చాయి, ఓటు మాది అన్నారు. గవర్నర్ మారారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. పార్టీ నచ్చకపోయినా ఆ నెల రోజుల్ని నేను గౌరవిస్తా. ఇప్పుడు టీవీలో కండువా సీన్ వస్తే ఛానల్ మారుస్తున్నాం, అంతే.

పార్టీ మారడమే పాపమని నేననట్లేదు. ఈటల రాజేందర్ 2021లో రాజీనామా చేసి హుజూరాబాద్‌లో మళ్లీ జనం ముందుకెళ్లారు, గెలిచారు. మరుసటేడు కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి మునుగోడులో అలాగే రాజీనామా చేసి వెళ్లారు, ఓడిపోయారు. ఆ బైపోల్స్‌లో డబ్బు ఎలా పారిందో అందరికీ తెలుసు, అది వేరే ఉత్తరం అవుద్ది, కానీ తేల్చింది మాత్రం జనమే, ఒకచోట అవునన్నారు ఒకచోట కాదన్నారు. పదవి వదిలి వెళ్లే దారి మూసుకుపోలేదని చెప్పడానికే ఇదంతా.

స్పీకర్ చేతిలోంచి ఈ పని తీసేసి రిటైర్డ్ జడ్జి ఉండే ట్రిబ్యునల్ లాంటిదానికి ఇచ్చే సంగతి పార్లమెంటు ఆలోచించాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టే అంది. నాకైతే అదే కరెక్టనిపిస్తోంది, దానికి తోడు చట్టంలోనే గడువు రాయాలి. నువ్వు లా చదివినోడివి, ఇందులో మెలిక ఏమన్నా ఉంటే చెప్పు. ఈసారి మన ఊరికి ఎవరు ఓటడగడానికొచ్చినా, ఏ పార్టీ అయినా సరే, "మారితే ముందు రాజీనామా చేస్తారా" అని నలుగురిలో అడుగుదామనుకుంటున్నా, మన క్లాస్ వాళ్లు కొందరు వస్తామన్నారు. నువ్వూ ఉంటే బాగుంటుంది, సెలవు దొరుకుద్దేమో చూడు.

నీ
రమణ