విషయం: శంషాబాద్–దుబాయ్ టికెట్‌పై తప్పు ప్రయాణ సమయం (ఐదో ఫిర్యాదు)

టికెట్ బుకింగ్ పోర్టల్ కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

ఇదే సంగతి మీద మీకిది ఐదో ఉత్తరం. మొదటి నాలుగింటికీ "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్, దాని కిందే ఐదు స్టార్లు ఇమ్మని విన్నపం. పరిష్కారమైతే నిన్న తీసిన ప్రింటులోనూ అదే తప్పు ఎందుకుంది?

మళ్లీ చెబుతాను. శంషాబాద్‌లో ఉదయం 10:00కి బయలుదేరే విమానం దుబాయ్‌లో మధ్యాహ్నం 12:20కి దిగుతుంది. మీ టికెట్‌పై "2 గం. 20 ని." అని పడుతోంది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అది కలిపితే 3 గంటల 50 నిమిషాలు. తిరుగు విమానం అక్కడ రాత్రి 10:00కి లేచి ఇక్కడ 3:00కి దిగుతుంది. "5 గం." అంటున్నారు. గంటన్నర తీసేస్తే మూడున్నరే. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. మీ లెక్కన పోయేటప్పుడు గంటకు 1,090, వచ్చేటప్పుడు 510! నిజానికి పోయేటప్పుడే ఎక్కువసేపు పడుతుంది. పడమటి నుంచి వీచే పైగాలి, చలికాలంలో మరీ, ఎదురొస్తుంది. వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. మీరు దాన్ని తలకిందులు చేశారు.

ఇక మీవాళ్ల జవాబులు. చాట్‌లో ఉన్న మర మొదట "మీ విమానం ఆలస్యమైనందుకు చింతిస్తున్నాం" అంది. ఆలస్యం కాలేదంటే మెనూ మొదటికొచ్చింది. ఫోన్‌లో నలభై నిమిషాలు పాట వినిపించి "యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి సర్" అన్నారు. కాగితం మీది తప్పుకు యాప్ ఏం చేస్తుంది? మూడో ఆయన "టైము ఎయిర్‌లైన్ ఇస్తుంది" అన్నాడు. వాళ్లిచ్చేది ఏ ఊరి టైము ఆ ఊరిది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి మధ్యలో అచ్చేసింది మీరు. నాలుగో ఆవిడ సూపర్‌వైజరట. "రానూపోనూ కలిపితే 7 గంటల 20 నిమిషాలు సరిపోయింది కదా సర్!" అంది. సరిపోయింది తల్లీ. బియ్యం తక్కువ తూచి, పప్పు ఎక్కువ తూచి, సంచి బరువు సరిపోయిందన్నట్టుంది.

ఇక్కడ కౌంటర్ ముందు నిలబడ్డాయన టికెట్ మీద వేలుపెట్టి "పోంగ రెండు గంటలు, రాంగ ఐదు గంటలేంది సేటూ? నడుమ ఎక్కడన్న దించుతరా?" అని అడుగుతాడు. జవాబు మేం చెప్పుకోవాలి, కమీషన్ మీరు తీసుకోవాలి.

ఎనిమిదేళ్లుగా మా గల్ఫ్ టికెట్లన్నీ మీ పోర్టల్‌లోనే కొడుతున్నాం. సర్వర్ పడుకున్న రోజుల్లో కూడా పక్క కంపెనీకి పోలేదు. దానికి విలువ ఇదన్నమాట. రెండు టైములనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి, మార్చి తీసివేస్తే చాలు. మనది +5:30, వాళ్లది +4:00. ఒక పూట పని. అది చేసే మనిషెవరో ఒకరు నాకు ఫోన్ చేయాలి, రాసిపెట్టిన కాగితం చదివేవాళ్లు కాదు.

వారం చూస్తాను. ఆపైన వాలెట్‌లో మా డిపాజిట్ వెనక్కి పంపండి. టికెట్ కొన్నవాళ్లతోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌దాకా వస్తాం. ఈ ఉత్తరానికి కూడా "పరిష్కరించబడింది" అని పంపితే, ఫిర్యాదుకు మొదటి కాగితంగా దాన్నే జతచేస్తాను.

ఇట్లు,
టికెట్ కౌంటర్, జగిత్యాల