ఇల్లిచ్చిన పెద్దమ్మకి, మోటారు ఆపిన అన్నకి, ఇంకా అందరికీ

మా షార్ట్ ఫిల్మ్ ఎట్టకేలకు పూర్తయింది. 14 నిమిషాలు. చివర్లో అందరి పేర్లూ వేశాం కానీ అవి పైకి జారిపోయేలోపు చదివేవాళ్ళు ఎవరుంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నా. కొందరు పేర్లు పెట్టొద్దన్నారు కాబట్టి వరసలతోనే రాస్తా.

కథ చిన్నది. కారు చెడిపోయి ఒక సిటీ జంట పల్లెటూళ్ళో ఎవరింట్లోనో ఒక రాత్రి ఉండిపోవాల్సి వస్తుంది. గొడవలేం జరగవు, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనరు, కానీ తెల్లారేదాకా ఒకటే ఇబ్బంది, ఎక్కడ కూర్చోవాలో, ఏం మాట్లాడాలో, ఎంతసేపు నవ్వుతూ ఉండాలో తెలియని ఇబ్బంది. నేను రాసిన స్క్రిప్టులో ఆ ఇబ్బందంతా సిటీవాళ్ళదే. ఊరివాళ్ళు ఊరికే చూస్తుంటారు. అందులో తప్పుందని నాకు తట్టనే లేదు.

షూటింగ్ మొదటిరోజు మేం చేసిందీ అదే. వ్యాన్ దిగాం, లైట్లు దించుకున్నాం, ఒక్కరినీ పలకరించలేదు. ఒక పెద్దాయన "ఎవరి తాలూకు బాబూ?" అని అడిగితే మా కెమెరా కుర్రాడు "షూటింగ్ అండీ" అని చెప్పి వెళ్ళిపోయాడు. (ఆ జవాబు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.) మధ్యాహ్నానికల్లా వాకిట్లో చూడ్డానికి నిలబడ్డవాళ్ళంతా వెళ్ళిపోయారు. డిస్టర్బెన్స్ తగ్గిందని మేం సంబరపడ్డాం కూడా!

ఆ రాత్రి పెద్దమ్మ కథ చెప్పమన్నారు. చెప్పాను. అంతా విని, "ఆ పిల్లకి మా ఇంట్లో నిద్ర పట్టలేదని రాశావు, మరి మాకు పట్టిందా నాయనా? పక్క సరిగ్గా ఉందో లేదో, బాత్రూమ్ చూసి ఏమనుకున్నారో అని తెల్లార్లూ మేలుకునేది మేమే కదా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆ సీను రాశాం, పెద్దమ్మే నటించారు, సినిమాలో అందరూ మెచ్చుకుంటున్నది ఆ సీనునే. పెద్దమ్మా, ఆ మెప్పు మీది.

ఎడిటింగ్ చేసిపెట్టిన తమ్ముడికి ఇంకో పెద్ద థాంక్స్. అరుగు మీద తాత చూస్తున్న షాట్ ఒకటుంది. దాన్ని సిటీ అమ్మాయి భయపడుతున్న మొహం పక్కన పెడితే తాత ఏదో అనుమానంగా చూస్తున్నట్టుంది, చెడిపోయిన కారు పక్కన పెడితే అయ్యో పాపం అన్నట్టుంది. మొహం అదే, ఒక్క ఫ్రేము తేడా లేదు. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఎప్పుడో వందేళ్ళ కిందటే ఇలా ఒకే మొహాన్ని వేరువేరు షాట్ల పక్కన అతికించి చూపించాడని చదివాను గానీ, మనం రోజూ మనుషుల్ని ఇలాగే అతికిస్తున్నామని తాతని చూశాకే అర్థమైంది. చివరికి తాత షాట్‌ని కారు షాట్ పక్కనే పెట్టాం.

అలాగని సిటీవాళ్ళని విలన్లని చేయలేదు. జర్మన్ సమాజశాస్త్రవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1903లోనే చెప్పాడు, నగరంలో రోజంతా ఎదురయ్యే ప్రతి మనిషికీ స్పందిస్తూ పోతే మనసు తట్టుకోలేదు, అందుకే అక్కడివాళ్ళు కొంచెం దూరంగా ఉండడం నేర్చుకుంటారని. ఒకరికి అడగడం మర్యాద, ఇంకొకరికి అడగకపోవడం మర్యాద. మా కెమెరా కుర్రాడు కూడా పొగరుతో అలా అనలేదు, వాడికి నిజంగా ఏం చెప్పాలో తెలియలేదు.

ఇక మోటారు అన్న. మేం డబ్బింగ్ పెట్టుకోలేదు, మాటలన్నీ అక్కడికక్కడే రికార్డు చేశాం. పొలం మోటారు ఆడుతుంటే ఆ చప్పుడుతో ఒక్క డైలాగూ దక్కేది కాదు. కరెంటున్న టైములో మోటారు ఆపడమంటే ఏంటో మాకు తెలియదు, తెలిస్తే అడిగేవాళ్ళం కాదేమో. రెండు పూటలు ఆపారు, ఆపినందుకు ఒక్క మాటా అనలేదు.

చివరిరోజు రూమ్ టోన్ తీసుకున్నాం. అంటే ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు నింపడానికి. మేమూ, ఇంటివాళ్ళూ, చూడ్డానికి మళ్ళీ వచ్చిన జనమూ, అందరం బొమ్మల్లా నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నలభై సెకన్ల దగ్గర ఎవరో పిల్లాడు కిసుక్కుమన్నాడు, ఇంకేముంది, మా సౌండ్ అక్కతో సహా అందరం పడీపడీ నవ్వాం. మళ్ళీ తీయాల్సి వచ్చింది. సినిమాలో ఆ ఇంట్లో సీన్లన్నిటి కిందా ఉన్నది ఆ రెండో నిమిషమే.

అన్నా, మీ నిచ్చెన పొరపాటున మా వ్యాన్‌లో వచ్చేసింది. ఆదివారం తెచ్చిస్తాం. ఈసారి లైట్లు ఉండవు, పెద్దాయన అడిగితే ఎవరి తాలూకో సరిగ్గా చెప్తాం.