దేవుడితో ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ

చిత్తూరు

ప్రియమైన తల్లికి నాయన ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాట మనసులోంచి పోవట్లేదు. "చర్చికి పోతానే ఉన్నా, బైబిల్ చదువుతానే ఉన్నా, అయినా పండుకుంటే ఒకటే టెన్షన్ నాయనా. నాకు విశ్వాసం లేదేమో" అన్నావు. గ్రూప్స్ పరీక్ష దగ్గర పడుతుంటే ఎవరికైనా భయమేస్తుంది. భయమేసినంత మాత్రాన విశ్వాసం లేనట్టు కాదమ్మా. ఆ భయాన్ని లోపలే దాచుకుని, పైకి మాత్రం చక్కటి మాటలతో ప్రార్థన ముగిస్తున్నావేమో చూసుకో.

2025లో తోతాపురి మామిడి ధర పడిపోయింది గుర్తుంది కదా. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అన్నారు. ముందు కాయ గేటు దాటితే కదా! గుజ్జు ఫ్యాక్టరీ బయట రోడ్డు పొడుగునా ట్రాక్టర్లే. మన ట్రాలీలో అడుగు కాయలు మెత్తబడి, పలకల సందుల్లోంచి రసం కారుతోంది. ఈగలు ముసురుతున్నాయి. అప్పిచ్చినాయన ఫోన్ మీద ఫోన్. ఆ రాత్రి ట్రాలీ పక్కన గోనెపట్ట పరుచుకుని కూర్చుని, "ప్రభువా, కాయలు కుళ్లిపోతున్నాయి. నాకు భయంగా ఉంది. నువ్వు చూస్తున్నావా లేదా?" అని అడిగేశాను. సంఘంలో నిలబడి అట్లా ప్రార్థన చెయ్యలేం. ధర పెరగలేదు, క్యూ కదల్లేదు. కానీ గుండెల మీది బరువు దిగి, కన్నంటుకుంది. తెల్లారినాక ఎవరి బాకీ ముందు కట్టాలి, ఎవర్ని గడువు అడగాలి అని నిదానంగా ఆలోచించగలిగాను. మీ అమ్మ కట్టిచ్చిన సద్ది వెనక ట్రాక్టర్ ఆయనతో కలిసి తిన్నాను. ముందు రోజు ఆయనతోనే లైను కోసం గొడవపడబోయాను.

నేను ఎరిగిన శాంతి ఇదే తల్లీ. కష్టం అక్కడే ఉంటుంది, నువ్వు మాత్రం దాని కింద నలిగిపోవు. పౌలు ఫిలిప్పీయులకు ఉత్తరం రాసింది బంధకాల్లో ఉండే. దేవుని సమాధానం "మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును" అన్నాడు గానీ, సంకెళ్లు ఊడిపోతాయని మాటివ్వలేదు.

ఈ రాత్రి 13వ కీర్తన చదువు. ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని నిలదీస్తూ మొదలవుతుంది. దావీదు అంత మాట అనగలిగాడంటే నువ్వూ అనొచ్చు. హాస్టల్ మేడ మీదికి పోయి, పరీక్ష పోతే ఏమవుతుందని నీ భయమో, నాన్న డబ్బులు వృథా అవుతాయని ఎంత కుమిలిపోతున్నావో, అన్నీ పేరుపేరునా చెప్పు. మేం చిన్నప్పుడు నిన్ను చెయ్యి పట్టుకుని సండే స్కూల్‌కు తీసుకుపోయాం. ఈ మాటలు మాత్రం నీ తరఫున మేం చెప్పలేం.

నీ రూమ్మేట్ అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు పోయొచ్చిందన్నావు. మన నమ్మకం వేరైనా ఆ పిల్ల శ్రద్ధ నాకు నచ్చింది. చదువుల్లో, దిగుల్లో ఒకరికొకరు తోడుగా ఉండండి.

ఇంకో మాట. ఇట్లాగే నిద్ర పట్టకపోతే డాక్టర్‌కు చూపించుకో. ప్రార్థన చేసేవాళ్లకు మందులెందుకు అనే వాళ్ల మాట వినొద్దు. 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన ఐడా స్కడర్ దేవుణ్ణి నమ్మిన మనిషే, డాక్టరు కూడా. మన చిత్తూరోళ్లు ఎంతమంది ఆమె పెట్టిన ఆసుపత్రికి పోయి బాగై వచ్చారో నీకు తెలుసు. కావాలంటే నేను వెంట వస్తాను.

వీలుంటే ఆదివారం రా. అమ్మ సంగటి, నాటుకోడి పులుసు చేస్తానంటోంది. రాలేకపోతే ఫోన్ చెయ్యి. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, ఎత్తుతాను.

నీ నాయన