అక్కా, మీరు రాసిచ్చిన చీటీ పనికొచ్చింది

2022 నవంబరు ఎన్నికల్లో వేసిందే సిటిజన్‌షిప్ వచ్చాక నా మొదటి ఓటు. హ్యూస్టన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నా, నమూనా బ్యాలెట్ చూడగానే గుండె జారింది. గవర్నర్‌తో మొదలై, ఎన్నడూ పేరు వినని కోర్టు జడ్జీల దాకా సాగుతూనే ఉంది. మా వీధి చివరింట్లో మీరు లేకపోతే సగంలోనే వదిలేసి వచ్చేదాన్ని.

"కౌంటీ జడ్జి" (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) దగ్గరికొచ్చి, "కోర్టు గొడవలు మనకెందుకక్కా, ఇది వదిలేద్దాం" అన్నాను. కళ్లద్దాలు ముక్కు మీదకి దించి మీరు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "నల్లకోటు జడ్జి కాదే తల్లీ! మన జెడ్పీ చైర్మన్‌నీ కలెక్టర్‌నీ కలిపి ఒకే కుర్చీలో కూర్చోబెట్టామనుకో, ఆ మనిషి" అన్నారు. నలుగురు కమిషనర్లతో కలిసి కౌంటీ బడ్జెట్ తేల్చేది, వరదొస్తే ముందుండి నడిపించేది ఆ కుర్చీయేనట. లాయరై ఉండాలన్న రూలు కూడా లేదట.

2017లో హార్వీ తుఫానప్పుడు టీవీలో చూసిన ఎడ్ ఎమ్మెట్ అప్పటి మా కౌంటీ జడ్జి అని మీరు చెప్పాకే నాకు తెలిసింది. 2007లో ఖాళీ అయిన పదవిలోకి నియామకంతో వచ్చి, తర్వాత ఎన్నికల్లో గెలుస్తూ వచ్చారు. 2008లో ఐక్ తుఫానూ ఆయన హయాంలోదే. అలాంటాయన 2018లో లీనా హిడాల్గో చేతిలో ఓడిపోయారు. ఆమెకి అప్పటికి 27 ఏళ్లు, అంతకుముందు ఏ పదవీ లేదు. ఒక్క నొక్కుతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతి అప్పుడు ఉండేది, అదే ఆయన్ని ముంచిందని మీ వాదన. నాకు మాత్రం ఆమె బొగోటాలో పుట్టి, 2013లో సిటిజన్ అయిందన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది.

పోలింగ్ కేంద్రం లోపల ఫోన్ తీయనివ్వరని పచ్చ ఇంకుతో చీటీ రాసిచ్చారు చూడండీ, అదే నన్ను గట్టెక్కించింది. తెర మీద నొక్కి, ప్రింటయిన కాగితాన్ని స్కానర్‌లో ఎలా పెట్టాలో ఓపిగ్గా చూపించిన అక్కడి పెద్దాయనకి కూడా థాంక్స్.

ఆ ఎన్నికల్లో లీనా హిడాల్గో మళ్లీ గెలిచారు, తేడా దాదాపు 18 వేల ఓట్లే. నేనెవరికి వేశానో మీకూ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

ఆ రోజు పులిహోర తెచ్చిన మీ స్టీలు డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారం తెస్తాను, ఖాళీగా కాదులెండి.